అరువు నడక

తెర మీద హంతకుడు ఆగిపోయాడు. అడుగులు మాత్రం ఆగలేదు.

ఆమె వేలు ఇంకా మీట మీదే ఉంది. బొమ్మ కదలడం లేదు. ఇనుప మెట్ల మీద నల్ల బూట్లు, ఒకటి పైన, ఒకటి కింద, అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. స్పీకర్లు మూగబోయాయి. అయినా చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ధప్... ధప్. చిన్న విరామం. మళ్ళీ ధప్... ధప్.

కుడికాలు బరువుగా పడుతోంది. దాని వెనకే ఎడమకాలు, బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు, ఒక్క రవ్వ తొందరగా పడుతోంది. అచ్చం హంతకుడు నడిచినట్టే.

వరండాలోంచి వస్తోంది ఆ చప్పుడు. ఈ గది తలుపు వైపే వస్తోంది.

ఆమె ఒళ్ళు జలదరించింది. ఆ నడక ఈ లోకంలో ఎవరికీ ఉండకూడదు. అది సినిమాలో హంతకుడి నడక. దాన్ని తన కాళ్ళతో నడిచింది ఆమే.

తలుపు పిడి కిందికి దిగింది.

"కాఫీ!" అన్నాడు రికార్డిస్టు, రెండు చేతుల్లో రెండు కప్పులతో, భుజంతో తలుపు తోసుకుంటూ. "అదేంటండీ, అలా చూస్తున్నారు? కాఫీ తెచ్చాను, కత్తి కాదు."

ఆమె చూపు అతని మొహం మీద లేదు. బూట్ల మీద ఉంది.

"మీరేనా ఇప్పుడు వరండాలో నడిచింది?"

"కాదండీ, మా తాత. నన్నిక్కడ దింపేసి వెళ్ళాడు." కప్పు బల్ల మీద పెట్టాడు. "ఇంకెవరు నడుస్తారు? ఈ అంతస్తులో ఉన్నది మీరు, నేను, గోడ మీద ఆ బల్లి. బల్లి బూట్లు వేసుకోదు."

"ఏం లేదులెండి."

"ఏం లేనివాళ్ళు అంతలా పాలిపోరు. తాగండి, చల్లారిపోతుంది."

ఆమె కప్పు అందుకుంది. కళ్ళు మాత్రం ఆ బూట్ల మీద నుంచి కదల్లేదు.

ఆమెది వింత ఉద్యోగం. సినిమాలో మనుషులు నడుస్తుంటే మనకి వినిపించే అడుగులు చాలావరకు ఆ నటులవి కావు. షూటింగ్ గోలలో అవి సరిగ్గా పడవు. తర్వాత ఇలాంటి మూసిన గదిలో ఒకరు తెర వైపు చూస్తూ, నటుడి కాలు పడినప్పుడల్లా తమ కాలు వేస్తారు. ఆ చప్పుడు మైకు పట్టుకుంటుంది. అందుకే ఆ గది నేలంతా రకరకాలు. ఒకచోట బండ, ఒకచోట చెక్క, ఒకచోట కంకర, మూలన బురద తొట్టి, గోడవారగా ఎక్కడికీ వెళ్ళని ఇనుప మెట్లు. అలమర నిండా ఎవరెవరో విడిచేసిన చెప్పులు, బూట్లు. స్టూడియోలో ఆమెని చెప్పులమ్మాయి అనే పిలుస్తారు.

ఆ గది అంతకుముందు వాళ్ళ నాన్నది. మోకాళ్ళు మొండికేశాక ఆయన ఇంట్లో కూర్చుని కూతుర్ని పంపించాడు. పంపించే ముందు ఆయన చెప్పిన పాఠం ఆమెకి ఇప్పటికీ నోటికొచ్చు.

"సైకిల్ తొక్కడం, బురద తొక్కడం, కుట్టుమిషను తొక్కడం, బస్సులో పక్కవాడి కాలు తొక్కడం. అన్నిటికీ సినిమావాళ్ళు రాసేది ఒకటే మాట, తొక్కాడు అని. నీ కాలికి మాత్రం అవన్నీ వేరువేరుగా తెలియాలి. బ్రేకు తొక్కేవాడి కాల్లో ప్రాణభయం ఉంటుంది. ఆరని సిగరెట్టు తొక్కేవాడి కాల్లో ఇంకెవరి మీదో కోపం ఉంటుంది. అలిగి మెట్లు తొక్కుకుంటూ పైకి పోయే పిల్లకి, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే బాగుండునని ఉంటుంది. ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. నడకని కల్పించకూడదు తల్లీ. బతికున్న మనిషి దగ్గర అరువు తెచ్చుకోవాలి."

ఆమె అలాగే తెచ్చుకునేది. ఈ సినిమాలో పోలీసు నడక కాంటీన్ మేనేజరుది. ముసలామె నడక పక్కింటి టీచరమ్మది. హంతకుడికి మాత్రం ఎవరూ దొరకలేదు. స్క్రిప్టులో ఒక్క ముక్కే ఉంది: ‘మెట్లు తొక్కుకుంటూ వస్తాడు.’ ఒకరోజు విసిగిపోయి, ఎవరినీ తలుచుకోకుండా బూట్లు తొడుక్కుని నిలబడింది. నడక దానంతటదే కాళ్ళలోకి వచ్చేసింది. డైరెక్టర్ విని, "ఇది! ఇదే! నాకు చెమటలు పడుతున్నాయి!" అని కేకపెట్టాడు.

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఎదురుగా నిలబడి కాఫీ ఊదుకుంటోంది.

"సాయంత్రం నాలుగింటికి కదా ప్రివ్యూ. మా అమ్మ కూడా వస్తోంది," అన్నాడు అతను.

కప్పు ఆమె పెదాల దగ్గరే ఆగిపోయింది. "ఎవరు?"

"మా అమ్మ. థ్రిల్లర్లంటే ప్రాణం ఆవిడకి. ఇంట్లోవాళ్ళని పిలుచుకోండి, కొత్తవాళ్ళు భయపడతారో లేదో చూడాలని డైరెక్టరే అన్నారు కదా. మీ నాన్నగారూ వస్తున్నారుగా?"

కన్నతల్లికి కొడుకు అడుగు తెలియదా?

సాయంత్రం జరగబోయేది కళ్ళకి కట్టింది. చీకటి హాలు, పెద్ద స్పీకర్లు, అంతమంది జనం. ఆ జనం మధ్య ఒక తల్లి లేచి, ‘ఇదేమిటీ, ఇది మా అబ్బాయి నడక కదా!’ అంటే? ఒకబ్బాయి నడక ఒకమ్మాయి కాళ్ళలోకి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే? ఎంతకాలం విని ఉండాలి, ఎంత ఇదిగా విని ఉండాలి అలా రావాలంటే?

"మెట్ల సీను మళ్ళీ రికార్డు చేద్దాం," అంది గబుక్కున.

"ఏంటీ?"

"అడుగులు బాగా రాలేదు."

"డైరెక్టర్‌కి చెమటలు పట్టాయండీ బాబూ!"

"ఆయనకి లిఫ్టులో కూడా పడతాయి. మిగతా సీన్లలో వాన హోరు ఉంది, సంగీతం ఉంది, ఫరవాలేదు. మెట్ల సీన్లో అడుగులు తప్ప ఇంకే చప్పుడూ లేదు. అదొక్కటీ మార్చేద్దాం. టైముంది."

అతను కప్పు కింద పెట్టాడు. మొహంలో నవ్వు పోయింది.

"చూడండి. ఈ సినిమాలో హంతకుడి మొహం చివరిదాకా కనపడదు. ఉన్నదల్లా ఆ అడుగులే. ఇవాళ వచ్చినవాళ్ళు భయపడితే డైరెక్టర్ తర్వాతి సినిమా కూడా మీకే ఇస్తారు. భయపడకపోతే కంప్యూటర్లో రెడీమేడ్ అడుగులు కొనుక్కుంటారట. అప్పుడు ఈ గదికి తాళం పడుతుంది. మీరే కదా చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు? అంతా తెలిసి బాగున్నదాన్ని చెడగొడతానంటారేంటి?"

"నా పని నాకు నేర్పకండి!"

"సరే." అతను అద్దం వెనక ఉన్న తన చిన్న గదిలోకి వెళ్ళిపోయాడు.

ధప్... ధప్. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

*

వాళ్ళ మొదటి పరిచయం కూడా పోట్లాటే. వానాకాలం మొదట్లో. రికార్డింగు జరుగుతోందని తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. లోపల ఆమె బురద తొట్టిలో, ఊపిరి బిగబట్టి, ఇల్లు వదిలి వెళ్ళిపోతున్న ఒక పెళ్ళాం నడక నడుస్తోంది. సరిగ్గా ఆఖరి అడుగుకి తలుపు తెరుచుకుంది. తడిసి ముద్దయిన ఒక మనిషి, నీళ్ళు కక్కుతున్న బూట్లతో చెక్కనేల మీద దబదబా నడుచుకుంటూ వచ్చేశాడు.

"ఎవరయ్యా అది! టేకంతా తొక్కేశారు!"

"నేను నేలనే తొక్కానండీ. టేకు ఎక్కడుందో చూపిస్తే పక్కనుంచి వెళ్తా."

"ఎర్ర లైటు కనపడలేదా?"

"కనపడింది. గుమ్మానికి సోకు చేసుకున్నారనుకున్నా. కొత్త రికార్డిస్టుని."

"రికార్డిస్టా! ఆ కాళ్ళతోనా? సౌండు పట్టుకోవాల్సిన మనిషి సౌండు మోసుకొస్తే ఎలాగండీ?"

అతను కిందికి చూసుకుని, బూట్లు రెండూ విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద వెనక్కి నడిచి బయటికి వెళ్ళాడు. తలుపు తట్టి, "ఇప్పుడు రావచ్చా?" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని బురద వైపు తిరిగింది.

ఆ రోజు మొదలు అతను వరండాలోకి వస్తే చాలు, ఆమె గుండె దడదడలాడేది. టేకు పాడవుతుందన్న కంగారు కాబోలు అనుకుంది. టేకులు లేని రోజున కూడా ఆ దడ తప్పలేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. వచ్చిన దడని వచ్చినట్టే లోపల తొక్కిపెట్టింది. తొక్కిపెట్టింది కాస్తా కాళ్ళలోంచి బయటపడింది.

*

"రెడీనా?" అద్దం అవతల నుంచి అతని గొంతు.

ఆమె బూట్లు తొడుక్కుని ఇనుప మెట్ల ముందు నిలబడింది. తెర మీద హంతకుడు కదిలాడు. ఆమె కదిలింది.

ధప్... ధప్.

"పాతదే వచ్చింది," అన్నాడు అతను.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కాంటీన్ మేనేజర్ని తలుచుకుంది. రెండు మెట్లు మేనేజర్ ఎక్కాడు. మూడో మెట్టు దగ్గర మేనేజర్ ఎటో వెళ్ళిపోయాడు. ధప్... ధప్.

"మళ్ళీ అదే."

బూట్లు మార్చింది. సోలు కింద గుడ్డ కట్టింది. వాళ్ళ నాన్న నడక ప్రయత్నించింది. ఏం చేసినా నాలుగు మెట్లయ్యేసరికి కుడికాలు బరువెక్కేది, ఎడమకాలు తొందరపడేది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. గడియారం మాత్రం పరుగెడుతోంది.

"ఒక మాట అడగనా?" అన్నాడు అతను మైకులో. "ఎవరిదండీ ఈ నడక?"

ఆమె మెట్టు మీదే కొయ్యబారిపోయింది.

ఆమెకి అప్పుడు తట్టింది, అతనికి తెలియలేదని. రోజంతా చప్పుళ్ళ మధ్య బతికేవాడు, గుండుసూది పడితే ఏ మూల పడిందో చెప్పేవాడు, తన అడుగుని తాను గుర్తుపట్టలేదు! టేపులో మన గొంతు మనకే కొత్తగా వినిపించినట్టు.

"ఎవరిదైతే ఏం?"

"చెబితే ఆయన్నే పిలుచుకొస్తా. మీకీ అవస్థ తప్పుతుంది."

"ఆయన... దొరకరు."

"ఓహో." అతను ఏదో మీట తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. "రోజూ వినే మనిషే అయ్యుంటాడు. లేకపోతే అలా కాళ్ళకి పట్టుకోదు."

"కావచ్చు."

"బాగా దగ్గరివాడా?"

"నాకేం తెలుసు! ఆయన్నే అడగాలి!"

"సరే, సరే. నాకెందుకులెండి." అద్దం అవతల అతను కళ్ళజోడు తీసి, మరకలేమీ లేని అద్దాలు చొక్కా అంచుతో అదేపనిగా తుడుస్తున్నాడు. "అదృష్టవంతుడు. నక్క తోక తొక్కి వచ్చుంటాడు."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తన మీద తనే కుళ్ళుకుంటున్న మనిషిని ఎక్కడైనా చూశామా!

"ఇంకో మాట," అంది కంగారులో. "ఇవాళ హాల్లోకి వచ్చేటప్పుడు మీరు కొంచెం... మెల్లగా నడవండి. వీలైతే ఆ బూట్లు తీసేసి చెప్పులు వేసుకోండి."

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"నా నడక మీద కూడా ఆంక్షలా? మొదటిరోజు టేకు పాడుచేశాను, ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళకి కూడా నేను రావడమే మీకు గిట్టకపోతే ఆ సంగతి ముందే చెప్పాల్సింది. వచ్చే సినిమాకి ఇంకో రికార్డిస్టుని చూసుకోండి."

"అది కాదు..."

"టేకు. టైమవుతోంది."

ఈసారి ఆమె దేన్నీ తలుచుకోలేదు. తెర మీద కాలు పడినప్పుడు కాలు వేసింది, లేచినప్పుడు ఎత్తింది. కొయ్యకాళ్ళ మనిషిలా పై మెట్టు చేరింది.

"వచ్చింది. కానీ ఇందులో ప్రాణం లేదు," అన్నాడు అతను. "మీ సినిమాని మీరే తొక్కేసుకుంటున్నారు."

"ఇదే పెట్టండి."

అతను ఇంకేమీ అనకుండా పాతది తీసి కొత్తది అతికించి, రీలు పట్టుకుని ప్రొజెక్టర్ గదికి వెళ్ళిపోయాడు. వరండాలో ఆ అడుగులు దూరమవుతుంటే ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. గుట్టు దాగింది. గండం గడిచింది. మరి ఆ అడుగుల వెనకే చెవి ఎందుకు పోతోందో.

*

నాన్న కర్ర ఊతంతో వచ్చాడు. రాగానే తన పాత కుర్చీలో కూలబడి, "ఏదీ, హంతకుణ్ణి వినిపించు," అన్నాడు.

ఆమె గదిలో ఉన్న నకలు మీద కొత్త అడుగులు వినిపించింది. ఆయన ఎప్పటిలాగే తెర చూడకుండా కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎవరూ లేరే," అన్నాడు చివరికి.

"అంటే?"

"బూట్లున్నాయి. బూట్లలో ఎవరూ లేరు. ఎవరి దగ్గర తెచ్చావు?"

ఆమె వంగి బూట్ల లేసులు విప్పసాగింది.

"తెచ్చి, భయపడి, తిరిగిచ్చేశావా?" ఆయన కళ్ళు తెరిచాడు. "నేను కూడా ఒకసారి అలాగే చేశాను. ఒక మంచి నడక దొరికితే, నలుగురూ ఏమనుకుంటారో అని దాచేశాను. ఆ సినిమా నేనిప్పటికీ చూడను. టీవీలో వస్తే లేచి వెళ్ళిపోతాను."

గడియారంలో ముల్లు నాలుగుకి చేరుతోంది.

ఆమె పరుగు తీసింది. వరండా, మలుపు, మెట్లు. ప్రొజెక్టర్ గది తలుపు తోసేసరికి అతను రీలు ఎక్కిస్తున్నాడు. కిందనుంచి డైరెక్టర్ గొంతు, "ఇంకా ఎంతసేపయ్యా?" అని.

"పాతదే పెట్టండి!" అంది రొప్పుతూ.

అతను తలెత్తాడు. "ఏం, ఆయన గుర్తొచ్చారా?"

"వచ్చారు."

"అంత గొప్పవాడా?"

"అంత గొప్పేం కాదు. కోపమెక్కువ. ఎర్ర లైటు కనపడితే ఆగాలని కూడా తెలీదు." ఆమె రీలు మీద చెయ్యి వేసింది. "అయినా ఆ అడుగులే కావాలి. ఇవాళ ఏమైనా సరే, అవే కావాలి."

అతని చేతులు చకచకా కదిలాయి, పారేయకుండా జేబులో పెట్టుకున్న పాత ముక్క దాని చోటికి వచ్చింది. అతికిస్తూ అతికిస్తూ ఒక్క క్షణం ఆగాడు. ఎర్ర లైటు మాట ఇప్పుడే చెవికెక్కినట్టు నుదురు ముడిపడింది.

"ఏవండీ, ఆయనకి..."

"ఇంకా ఎంతసేపయ్యా!"

దీపాలు ఆరిపోయాయి.

*

హాల్లో పెద్దవాళ్ళు, పిల్లలు, యూనిట్ వాళ్ళ ఇంటివాళ్ళు. రికార్డిస్టు అమ్మ మధ్య వరసలో కూర్చుంది. పొట్టిగా, గుండ్రంగా, ఒళ్ళో సంచీతో. ఆమె సరిగ్గా ఆవిడ వెనక సీట్లో ఇరుక్కుంది. పక్కన నాన్న. రికార్డిస్టు గోడ దగ్గర నిలబడ్డాడు. అలిగి బూట్లు మార్చలేదు.

మెట్ల సీను వచ్చింది. సంగీతం ఆగిపోయింది. తెర మీద ఒక అమ్మాయి గది మూలన నక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ధప్... ధప్.

ముందు వరసలో ఎవరో మునగదీసుకున్నారు. ఒక పెద్దాయన తెలియకుండానే పక్కసీటు చెయ్యి పట్టుకున్నాడు.

ధప్... ధప్.

రికార్డిస్టు అమ్మ తల తిప్పింది. తెర వైపు కాదు. హాలు తలుపు వైపు.

వద్దు, వద్దు, వద్దు అనుకుంది ఆమె, కుర్చీ అంచు గోళ్ళతో గీరుతూ.

"వచ్చావా నాన్నా?" అంది ఆవిడ.

ఊపిరి వినపడేంత నిశ్శబ్దంలో ఆ మాట ప్రతి మూలకీ చేరింది. గోడ దగ్గర నుంచి అతని గొంతు, "అమ్మా, నేనిక్కడున్నాను!"

"మరి అక్కడ నడుస్తున్నదెవడ్రా?"

హాలంతా గొల్లుమంది. డైరెక్టర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆమెకి వీపు మీద చల్లనీళ్ళు కుమ్మరించినట్టయింది. పోయింది. హంతకుడు వస్తుంటే జనం నవ్వుతున్నారు. గది పోయింది, నాన్న కుర్చీ పోయింది, అంతా పోయింది.

ధప్.

నవ్వులో సగం తెగిపోయింది.

ధప్.

మిగతా సగం ఆగిపోయింది. హంతకుడు పై మెట్టు మీద నిలబడ్డాడు. ఇప్పుడిప్పుడే నవ్విన గొంతుల్లో ఒక్కదానికీ ఊపిరి లేదు. తలుపు పిడి దిగగానే హాలంతా ఒక్కసారి కెవ్వుమంది. అందరికంటే పెద్దగా అరిచింది డైరెక్టరే, సినిమా తీసినవాడు!

దీపాలు వెలిగాక ఆయన నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. "నవ్వినవాళ్ళ నోళ్ళు రెండడుగుల్లో మూయించావు. ఇంక నాకు కంప్యూటర్ ఎందుకమ్మా? వచ్చే నెల్లో ఇంకో కథ మొదలు. రెడీగా ఉండు."

ఆమె తలూపింది. ఆయన మాటలు చెవిదాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకంటే రికార్డిస్టు అమ్మ సీట్లోనే వెనక్కి తిరిగి, ఆమెని తల నుంచి కాళ్ళదాకా చూస్తోంది.

"అడుగులేసింది నువ్వేనటగా? మా వాణ్ణి పట్టుకుని హంతకుణ్ణి చేసేశావటమ్మా?"

"నడక అరువు తెచ్చుకోమన్నాను గానీ," నాన్న మెల్లగా అందుకున్నాడు, "చెప్పకుండా తెచ్చుకోమన్నానటే?"

ఆమె తల ఎత్తి గోడ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

*

అతను అడుగుల గదిలో ఉన్నాడు. ఇనుప మెట్ల మీద ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. ఎక్కిన ప్రతిసారీ తల పక్కకి వంచి, ఎవరో కొత్తమనిషి మాట వింటున్నట్టు తన కాళ్ళని తనే వింటున్నాడు.

"ఇది నేనేనా?" అన్నాడు ఆమెని చూడగానే.

"మీరే."

"నేనింత ఘోరంగా నడుస్తానా?"

"ఇంకా ఘోరంగా. నేను కొంచెం తగ్గించాను."

అతను నవ్వలేదు. "నన్ను చూస్తే నీకంత భయమా?" ‘మీరు’ మాని ‘నువ్వు’ అనేశానని అతనికి తెలియలేదు. ఆమెకి తెలిసింది.

"భయమే. మీరు వరండాలోకి వస్తే గుండె నోట్లోకి వస్తుంది. ఏ పని చేస్తున్నా ఆగిపోతుంది. మీరు తలుపు దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళిపోతే ఇంకా భయమేస్తుంది. అది భయం కాదేమో అని ఇవాళే అనుమానమొచ్చింది."

"ఇవాళేనా!"

"ఇవాళే. మధ్యాహ్నం. మీరు కాఫీ తెచ్చినప్పుడు."

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నేను అనవసరంగా ఆ నక్క తోక తొక్కినవాణ్ణి మధ్యాహ్నం నుంచి తిట్టుకుంటున్నాను."

"ఎంత తిట్టారు?"

"చెప్పుకోలేనంత."

"బాగైంది."

"అసలు నేను రోజుకి పది సాకులతో ఈ గదికి ఎందుకొస్తున్నానో ఎప్పుడైనా అనుకున్నావా? ఏ స్టూడియోలోనైనా రికార్డిస్టు కాఫీలు మోస్తాడా?"

ఆమె అనుకోలేదు. అడుగులు వినడంలో పడి, ఆ అడుగులు ఎందుకొస్తున్నాయో వినలేదు. ఆ మాట చెప్పబోయి, చెప్పలేక, అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. ఎక్కడికీ వెళ్ళని మెట్లు ఇద్దరి బరువుకీ కిర్రుమన్నాయి. బయట వాన మొదలైంది. ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు చూశారు. "రికార్డు చేద్దామా?" అంది ఆమె. "ఇప్పుడొద్దు," అన్నాడు అతను.

*

అతని తల్లి రమ్మంటే, ఆదివారం సాయంత్రం ఆమె అతనింటికి వెళ్ళింది. మేడ మీద పై అంతస్తు. కాలింగ్ బెల్ పనిచేయలేదు. తలుపు తట్టబోయింది. లోపల మాటలు వినిపించి చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా రాలేదేంట్రా ఆ పిల్ల? మనసు మార్చుకుందేమో," అంటోంది వాళ్ళమ్మ.

"వస్తుందమ్మా." అతని గొంతులో ధైర్యం లేదు.

"ఏమో. నాకైతే మెట్ల మీద ఒక్క అడుగూ వినపడలేదు."

అంతలోనే తలుపు తెరుచుకుంది. ఎదురుగా మనిషిని చూసి ఆవిడ గుండె పట్టుకుని వెనక్కి గెంతింది. "అమ్మో! పిల్లిలా ఎప్పుడొచ్చావే!"

"ఇప్పుడేనండీ. అలవాటైపోయింది. మా పనిలో, మాకు సొంతంగా చప్పుడుండకూడదు."

"మీ పనిలో ఉండక్కర్లేదు. నా ఇంట్లో ఉండాలి. వచ్చేది ఎవరో నాకు ముందే తెలియకపోతే తోచదు. ఇంద, కిందికెళ్ళి మళ్ళీ రా."

"అమ్మా!" అన్నాడు అతను వెనక నుంచి.

"నువ్వూరుకో. గట్టిగా తొక్కుకుంటూ రా తల్లీ. వీడిలాగా కాదు, మీ నాన్నలాగా కాదు. నీలాగా."

ఆమె దిగి వెళ్ళింది. కింద నిలబడి పైకి చూసింది. ఎన్ని నడకలు నడిచింది తను! దొంగ నడక, రాణి నడక, ఇల్లొదిలిన పెళ్ళాం నడక. తనది ఏది? మొదటి మెట్టు మీద కాలు వేసింది. చప్పుడు రాలేదు.

"వినపడలేదు!" పైనుంచి కేక.

కొంచెం గట్టిగా వేసింది. ఎక్కడో విన్నట్టుంది, కాంటీన్ మేనేజర్ది. వదిలేసింది. ఇంకోటి వేసింది. అదీ ఎవరిదో. మలుపు దగ్గర తలెత్తితే, పిట్టగోడ మీదుగా వంగి చూస్తున్న అతని మొహం కనిపించింది. ఇంక ఏమీ తలుచుకోలేదు. దబదబా, దబదబా, రెండేసి మెట్లు ఒక్కసారే తొక్కుకుంటూ, మేడంతా అదిరిపోయేలా ఎక్కేసింది.

కింది ఇంటివాళ్ళు తలుపు తీసి బయటికి వచ్చారు. "ఏమైందండీ? ఏంటా చప్పుడు?"

పైనుంచి వాళ్ళమ్మ తాపీగా జవాబిచ్చింది. "కంగారు పడకండి. మా కోడలొస్తోంది."